రవికె – మేని కొలతకు కుట్టు విద్య

ఒక వ్యక్తి మేనిని కొలిచి, ఆ కొలతలను బట్టి గుడ్డను కత్తిరించి, ఆ వ్యక్తికి మాత్రమే అమరునట్లు వస్త్రమును కుట్టి యిచ్చుట లోకమునందంతటను దర్జీలకు చిరకాలము ప్రధానవృత్తిగా నుండినది. అంగళ్లలో తయారుగా దొరకు దుస్తులు ఎందరివో కొలతలను సరాసరి చేసి, ఆ సరాసరిని కొన్ని పరిమాణములుగా విభజించి కుట్టబడునవి గనుక, అవి అందరికిని కొంతవరకు సరిపడును. ఏ ఒక్కరికిని సంపూర్ణముగా సరిపడుట అరుదు. అట్టి పరిమాణములకు శాస్త్రీయమైన ప్రాతిపదికను వెదకుటకై అమెరికా వ్యవసాయశాఖవారు 1939, 1940 సంవత్సరములలో దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిపించి, 1941లో ఆ లెక్కలను ప్రకటించిరి. కొలతకుట్టున కట్టి ప్రయాస యక్కరలేదు. అందు కొలువవలసినది ఒక్క మేనినే. కాని ఆ ఒక్క మేనిని తెలిసికొనుట, పైకి తోచునంత సులభమైన పని కాదు.

తెలుగుదేశమున ఈ విద్య ప్రతి వీధిలోను నేటికిని సజీవముగా నుండుటకు ముఖ్యకారణము రవికె. పురుషులు చొక్కాలను, పంట్లాములను తయారుగా కొనుటకు అలవాటు పడినారు. చీర కత్తెర యెరుగని వస్త్రము. కాని చీరకు జతగా తొడుగు రవికె మేనికి హత్తుకొని యుండవలసినదగుటచేతను, చీర చీరకును వేరు రంగున, వేరు అంచున కావలసి వచ్చుటచేతను, దానిని కుట్టించుకొనుటయే నేటికిని పరిపాటిగా నున్నది. రవిక, రవికె, రైక అని పలుతీరుల పలుకబడు ఈ మాటకు జాకెట్టు, బ్లౌజు అను పరభాషాపదములు తోడైనవి గాని, పేరంటమునకు వచ్చిన ముత్తైదువ చేతిలో పసుపు కుంకుమలతో, తాంబూలముతో పెట్టునది రవికెలగుడ్డయే. అట్లు వచ్చిన గుడ్డ సామాన్యముగా 80 సెంటీమీటర్లుండును. పొట్టిచేతుల రవికెకు అది చాలును; మోచేతివరకు చేతులు కావలెనన్నను, కట్టుకొనునావిడ స్థూలకాయురాలైనను మీటరు గుడ్డ కావలసివచ్చును. ఇంటిలో పెట్టెనిండ దాచిన రవికెలగుడ్డలలో ఏది ఎవరికి వచ్చునో, ఏ ముక్కను ఎటు త్రిప్పి పరచిన చేతులకు గుడ్డ మిగులునో యోచించుట దర్జీకి మొదటి పరీక్ష.

పూర్వచరిత్ర

సూదియు, కుట్టును మనకు పరాయివి కావు. సింధునాగరికతకు చెందిన తావులలో రాగి సూదులు, కంచు సూదులు దొరకినవి. ఋగ్వేదమున రాక యను దేవత తెగని సూదితో కుట్టుపని చేయవలెనను ప్రార్థన కలదు. అమరసింహుడు తన కోశమున దర్జీకి తున్నవాయుడు, సౌచికుడు అను పేర్లను, రవికెవంటి తొడుగునకు చోలము, కూర్పాసకము అను పేర్లను చేర్చినాడు. మథురాప్రాంతమున లభించిన కనిష్కుని తలలేని విగ్రహమున పొడుగైన కోటును, బరువైన పాదరక్షలును స్పష్టముగా గానవచ్చును. కుట్టుబట్ట ముసల్మానుల రాకతోనే ఈ దేశమున ప్రవేశించినదని తరచు వినబడు మాట ఈ సాక్ష్యముల యెదుట నిలువదు. ఐనను ఆ రాకతో దర్జీపని విస్తరించి, కొత్త రూపములు దాల్చినదనుటకు మన వాడుకభాషయే సాక్ష్యమిచ్చుచున్నది: దర్జీ యను మాట, కుట్టు అను నర్థముగల పారసీకపదము నుండి పుట్టినది, అస్తరు, జేబు అను మాటలును ఆ త్రోవనే వచ్చినవి, బొత్తాము పోర్చుగీసువారి యోడలనుండి దిగినది.

15వ శతాబ్దిలో కర్ణాటరాజసభకు వెళ్లిన శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువునందు, తలకు కుళ్లాయి పెట్టి, పెద్ద కూర్పాసము తొడిగి కొలువునకు పోయినట్లు కవి చెప్పుకొన్నాడు. ఆనాటి రాజసభలలో కుట్టుబట్టకు గల గౌరవము దానివలన తెలియగలదు. మరొకవైపు, కత్తెర తగులని బట్టయే శుచియైనదను భావము మడియాచారమున నేటికిని కొంత నిలిచియున్నది. పూర్వాచారపరాయణుల యిండ్లలో వితంతువులకు రవికె తొడుగు నధికారము లేదను కఠినమైన కట్టడి గడచిన శతాబ్దిలో కూడ చాలకాలము సాగినది. కావున రవికెను కేవలము అలంకారముగా నెంచువారు దాని చరిత్రలో సగమును విస్మరించినవారగుదురు. ఒక తరపు స్త్రీలకు అది తలయెత్తి నలుగురిలో తిరుగు హక్కుతో ముడివడిన వస్త్రము.

తెలంగాణమున కుట్టుపని కులవృత్తిగా గలవారు మేరవారు. వారికే చిప్పోళ్లను వ్యవహారము కూడ కలదు. పట్టణములలో ముసల్మాను దర్జీలు ఈ వృత్తిని తరతరములుగా చేయుచున్నారు. నేడు పల్లెలలోను, పట్టణములలోను ఇంటి వసారాలో మిషను పెట్టుకొని ఇరుగుపొరుగువారి రవికెలు కుట్టు స్త్రీల చేతిలోనే ఈ పనిలో పెద్దభాగము నడచుచున్నది. మహిళామండలులలోనో, పెద్దదర్జీ యొద్దనో మూడు నాలుగు నెలలు నేర్చుకొని, తక్కినదంతయు చెడగొట్టిన గుడ్డలవలన నేర్చుకొన్నవారే వారిలో పెక్కుమంది.

యంత్రము వచ్చిన పిదప

1830లో ఫ్రాన్సుదేశమున బార్తెలెమీ తిమోనియే అను దర్జీ కుట్టుయంత్రమునకు పేటెంటు పొందెను. అతని యంత్రములు పారిసు నగరమున సైనికుల దుస్తులు కుట్టుచుండగా, తమ జీవిక పోవునని భయపడిన దర్జీలు 1831లో ఆ కర్మశాలపై బడి వానిని ధ్వంసము చేసిరి. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు పొందిన యంత్రమునందు, చేతిసూదికి విరుద్ధముగా, బెజ్జము సూదిమొన దగ్గర నుండెను. సూది మీదిదారముతో గుడ్డలో దిగి, మరల పైకి లేవనారంభించుటతోనే దారము క్రింద చిన్న ఉచ్చుగా వదులగును; నేతగాని నాడెను బోలిన నాడె యొకటి క్రిందిదారమును గొని ఆ ఉచ్చులోనుండి దూరిపోవును; రెండు దారములు గుడ్డ మందములోనే ఒకదానినొకటి పెనవైచుకొనును. నాడెకు బదులు కొక్కెమును, బాబినును వచ్చినవి గాని, నేటి మిషనులోను జరుగునది ఇదియే. రెండు దారముల బిగువు సమముగా నున్నప్పుడు ముడి గుడ్డనడుమ దాగియుండును; ఒకటి బిగిసి మరొకటి వదులైనచో ముడి పైకో క్రిందికో తేలి, కుట్టు ముత్యాలపేరువలె కనబడును. అట్టి కుట్టు ఒక్క దారము లాగినంతనే ఊడివచ్చును.

1851లో ఐజాక్ సింగర్ నిలువుసూదిగల యంత్రమునకు పేటెంటు పొందిన పిదప కాలితో త్రొక్కు మిషను ఇంటింటికి చేరినది. యంత్రములను ప్రబలముగా విమర్శించిన మహాత్మాగాంధీ సయితము 1924లో సింగర్ కుట్టుమిషనును మినహాయించి, మనిషికి నిజముగా ఉపకరించు కొద్ది యంత్రములలో దానిని చేర్చెను. ఆ మినహాయింపు ఉచితమైనదనియే నా తలంపు. ఒంటరిగా బ్రదుకు నెట్టుకొని వచ్చిన ఎందరో తల్లులకు ఆ మిషనే పొలమును, అంగడియు నైనది.

పారిసునందు 1858లో సొంత దుకాణము తెరచిన ఛార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అను ఆంగ్లేయుడు, ఫ్రెంచి సామ్రాజ్ఞి యూజెనీ ఆదరమును బడసి, తాను కుట్టించిన గౌనులలో తన పేరిటి పట్టీని కుట్టించి, దర్జీని కళాకారుని పీఠమున కూర్చుండబెట్టెను. అమెరికాలో ఎబినేజర్ బటరిక్ 1863లో వేరు వేరు పరిమాణములకు కాగితపు అచ్చులు అమ్మకమునకు పెట్టగా, ఇంటి ఇల్లాలే దుస్తులు తానే కత్తిరించుకొను వీలు కలిగెను. ఇన్ని మార్పులు వచ్చినను యంత్రము వేగవంతము చేసినది కుట్టును మాత్రమే. రవికె విషయమున కొలతయు, కత్తిరింపును నేటికిని చేతిపనిగానే నిలిచినవి.

కొలత, ఆది

ఒక చిన్న పట్టణమున, బస్సులు ఆగుచోటు వెనుక సందులో, బహుకాలముగా రవికెలు కుట్టుచున్న వృద్ధుడైన దర్జీయొకని పనిని నేను అనేకదినములు ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆయన టేపు చేతికి తీసికొనుటకు ముందే వచ్చినావిడతో చీర మాటయో, పెండ్లి మాటయో కదపుచుండును. ఆ మాటల నడుమ ఆమె ఏ భుజమును దించి నిలుచునో, మెడ ముందుకు చాచునో లేదో, కొంగు ఏ తీరున సవరించుకొనునో ఆయన కన్ను పట్టుచుండును. టేపు కనబడగానే ఎవరైనను ఊపిరి బిగబట్టి, పొట్ట లోనికి లాగుకొని, నిటారుగా నిలుతురు. ఆ నిలుకడ గడప దాటిన తరువాత నుండదు. "ఊపిరి వదలమ్మా, వంటింట్లో నిలబడ్డట్టు నిలబడు" అని ఆయన మెల్లగా చెప్పును. ఛాతీ చుట్టు టేపును ఆవిడచేతనే పట్టించి, తాను ఎడముగా నిలిచి అంకె మాత్రము చదువును. పిదప పుస్తకమున పేరు, అంకెలు వ్రాసి, గుడ్డ మూలనుండి గోరంత తునక కత్తిరించి చీటీకి గుండుసూదితో గ్రుచ్చును. పండుగదినములలో ఒకే రంగు గుడ్డలు పదివచ్చినను ఆ తునకవలన పొరపాటు జరుగదు.

తీయవలసిన కొలతలు పొడవు, భుజము, ఛాతీ, నడుము, చేతిపొడవు, చేతిచుట్టు, చంకచుట్టు, మెడలోతు ముందును వెనుకను. వీనికి తోడు, నేర్పరులు తప్పక తీయునవి మరి రెండు కలవు: భుజము మీదినుండి వక్షోజాగ్రమువరకు గల దూరమొకటి, ఆ రెండగ్రముల నడిమి దూరమొకటి. మొదటిది సామాన్యముగా 9, 10 అంగుళములుండును. ఒకే ఛాతీకొలత గల తల్లికిని కూతురికిని ఈ దూరము వేరుగా నుండును; అందుచేతనే ఒకరి రవికె మరొకరికి చుట్టుకొలతలో సరిపోయియు అమరిక కుదరక పోవుచుండును.

కొలత లిచ్చుటకు మొగమాటపడువారు, తీరిక లేనివారు ఆది యిత్తురు. ఆది యనగా, సరిగా అమరినదని తాము నమ్మిన పాత రవికె. తెలంగాణమున దీనినే కొలతజాకెట్టందురు. అమెరికాలోను, ఇతరదేశములలోను స్థిరపడిన తెలుగు స్త్రీలు పెట్టెలో ఆదిజాకెట్టు పంపి, ఇక్కడ పదేసి రవికెలు కుట్టించి తెప్పించుకొనుట పరిపాటి. ఆది యెంత సౌకర్యమో అంత ప్రమాదము కూడ. అది రెండేండ్ల క్రిందటి మేనికి కుట్టినది. ఉతుకులకు కొంత కుదించుకొని, వాడుకకు కొంత సాగినది. అందు పూర్వపు దర్జీ చేసిన తప్పులన్నియు భద్రముగా నున్నవి. పైగా పాతది నూలుగుడ్డయై, కొత్తది అస్తరు వేసిన పట్టుగుడ్డయైనచో, అంగుళమున కంగుళముగా దింపిన రవికె తప్పక బిగియును. అస్తరు మందము లోపలి చోటును కొంత హరించును, పట్టు నూలువలె సాగదు. మంచి దర్జీ ఆదిని పరచి కొలిచిన పిదప, దానిని లోపలివైపు త్రిప్పి చూచును: ఎక్కడ కుట్టు విప్పి వదులుచేసినారో, ఎక్కడ దారము తెగుటకు సిద్ధముగా నున్నదో, చంకక్రింద గుడ్డ ఎట్లు నలిగియున్నదో చూచి, ఆదిలో లేని కొలతను ఆ గుర్తులనుండి గ్రహించును.

ఆదిని నమ్మినను, టేపును నమ్మినను, ఆ అంకెలకే గుడ్డ కోసినచో ఊపిరి ఆడదు. ఛాతీ చుట్టుకొలతకు ఒకటి రెండంగుళములు, చేతిచుట్టుకు అర అంగుళము వదులు కలుపవలెను. దర్జీలు దీనిని లూజు అందురు. ఈ అంకె మేని మీద ఎక్కడను కొలువబడదు. అది ఆవిడ చేయు పనిని బట్టి, గుడ్డ స్వభావమును బట్టి, బిగువు నెంతవరకు ఇష్టపడునో దానిని బట్టి దర్జీ తన యనుభవమున నిర్ణయించునది. నల్లబల్ల మీద చేయి చాచి వ్రాయు ఉపాధ్యాయురాలికి, చంటిబిడ్డకు పాలిచ్చు తల్లికి, పీటలమీద కదలక కూర్చుండు పెండ్లికూతురికి కొలతలు మూడును ఒకటే యైనను రవికెలు మూడు వేరు. ఈ విద్యలో నిజముగా విద్య యనదగినది ఈ అంకెయేయని నా నిశ్చయము, తక్కినదంతయు అంకగణితము.

గుడ్డ, కత్తెర

అస్తరుగుడ్డను ముందుగా నీట నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసికొనవలెను. ఈ పని మానినచో, మొదటి ఉతుకులోనే అస్తరు కుదించుకొని, మీది పట్టును లోనికి లాగి ముడుతలు పెట్టును. పిదప గుడ్డ పోగులను చూడవలెను. నిలువుపోగులు పడుగు, అడ్డపోగులు పేక. ఈ రెండు దిక్కులను లాగిన గుడ్డ అంతగా సాగదు. ఏటవాలుగా లాగినచో, పోగుల చదరములు నలగి, గుడ్డ మెత్తగా సాగి మేని వంపు ననుసరించును. పారిసునందు 1912లో దుకాణము తెరచిన మదలీన్ వియొనే ఏటవాలు కత్తిరింపున అసమానురాలని కీర్తి గడించెను. ఆమె చిన్న కొయ్యబొమ్మ మీద గుడ్డను చుట్టి చూచుకొని రూపమును నిర్ణయించుచుండెడిది. మన దర్జీలు రవికె ముందుభాగమును క్రాసుగా కోయుటలోని సూక్ష్మమును అదియే. వెనుకభాగమును, చేతులను నిలువుపోగున కోసి, ముందుభాగమును ఏటవాలుగా కోసినప్పుడు, బిగువుగా నుండియు రవికె ఒత్తదు. కాని గుడ్డ ఎక్కువ పట్టును, కుట్టునప్పుడు చేతిలో సాగిపోకుండ జాగ్రత్త వహింపవలెను.

బల్లపరుపుగా నున్న గుడ్డ గుండ్రనైన మేనికి ఎట్లు సరిపడునను ప్రశ్నకు, అడ్డాకుతో దొన్నె కుట్టువారిని చూచినవారికి సమాధానము తెలియును. చదునుగా నున్న ఆకును అంచున ఒకచోట మడిచి పుల్ల గ్రుచ్చగానే అది లోతుగల గిన్నె యగుచున్నది. రవికెలో ఆ మడతపేరు టక్కు లేక డాటు. నడుమువైపునుండి ఒకటి, చంకవైపునుండి ఒకటి, ప్రక్కకుట్టునుండి ఒకటి, గుండీలపట్టీ వైపునుండి ఒకటి పెట్టిన టక్కులు వక్షోజాగ్రమువైపు మొనలు చూపి నిలుచును. మడతలో పట్టిన గుడ్డ యెంత వెడల్పైనచో లోతు అంత హెచ్చగును. టక్కుమొన అగ్రమునకు అర అంగుళమో, అంగుళమో ఇవతలనే ఆగవలెను. అగ్రమును తాకినచో శంఖమువలె పొడుచుకొని వచ్చి, ఎంత ఇస్త్రీ చేసినను అణగదు. టక్కులను మడవక, వానిచోట గుడ్డను రెండు మూడు తునకలుగా కోసి కలుపు పద్ధతులును కలవు; గిన్నెయాకారపు తునకను అతుకునది కటోరీ, భుజమునుండియో చంకనుండియో నడుమువరకు నిలువుకుట్టు దించునది ప్రిన్సెస్ కట్. పేరేదైనను దొన్నె ధర్మమే.

అంచుగల పట్టుగుడ్డకును, పోచంపల్లి చిటికీ గుడ్డకును కత్తిరింపులో వేరు చిక్కు కలదు. చేతుల అంచు రెండువైపుల ఒకే ఎత్తున రావలెను. వెనుక వీపున నడుమ వచ్చు పువ్వు సరిగా వెన్నెముక మీద నిలువవలెను. అచ్చు రెండంగుళములు ప్రక్కకు జరిపి గుడ్డ ఆదాచేసిన దర్జీ, నేతగాడు పోగుపోగునకు రంగు లెక్కపెట్టి చేసిన శ్రమనంతటిని ఒక్క కత్తెర కోతతో వ్యర్థము చేయును. గుడ్డ తక్కువైనచో ఆ మాట ముందే చెప్పి, వేరుగుడ్డతో పట్టీ వేసెదనని అడుగుటయే మర్యాద.

చంక

రవికె మంచిచెడ్డలు చంకయందు తేలును. చేతులు ఎల్లప్పుడును ముందువైపునకే కదలుచుండును గనుక, చంకవంపు ముందుభాగమున లోతుగాను, వెనుక కొంత మెత్తగాను కోయవలెను. ఛాతీ 36 అంగుళములు గలవారికి చంకచుట్టు సామాన్యముగా 15, 16 అంగుళములు వచ్చును. చేతిముక్క మీదిగుండ్రము దానికంటె అర అంగుళమో, అంగుళమో హెచ్చుగా కోసి, ఆ హెచ్చును ముడుత పడకుండ భుజము మీదుగా సర్ది కుట్టుదురు. క్రొత్తగా నేర్చువారికి ఇది కొరుకుడుపడదు. ఇంకను కొరుకుడుపడనిది మరొకటి కలదు: చేయి ఎత్తుటకు రానప్పుడు చంకను లోతుగా కోసిన సరిపోవునని అందరును తలతురు. నిజమునకు ఫలము విపరీతమగును. చేయి ఎత్తినప్పుడు సాగవలసినది నడుమునుండి చంక మీదుగా మోచేతివరకు గల దారి. చంక క్రిందికి దిగినకొలది ఆ దారి పొట్టిదగును, చేయి ఎత్తగానే రవికె మొత్తము నడుమునుండి పైకి లేచును. ఒత్తక, రాయక, చంకకు వీలైనంత దగ్గరగా కోసినప్పుడే చేయి స్వేచ్ఛగా ఆడును. దండెము మీద బట్టలు ఆరవేయునట్లు రెండుచేతులు పైకెత్తి చూడుమని చెప్పుటకంటె మంచి పరీక్ష లేదు.

తొడిగి చూచుట

విలువైన గుడ్డయైనచో తొలుత అస్తరును మాత్రమే కోసి, కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూతురు. పట్టునందు ఒకసారి సూది దిగిన చోట బెజ్జము నిలిచిపోవును గనుక ఈ జాగ్రత్త అవసరము. తొడిగిన రవికెమీది ముడుతలు తప్పు ఎక్కడనున్నదో చెప్పు లిపి. అడ్డముగా సాగిన ముడుత, అక్కడ గుడ్డ చాలలేదని చెప్పును. నిలువున వ్రేలాడు ముడుత, గుడ్డ హెచ్చినదని చెప్పును. ఏటవాలుగా పోవు ముడుత, తన మొన ఎటు చూపునో అక్కడ దోషమున్నదని చెప్పును. చంకనుండి అగ్రమువైపు గీతలు పోయినచో టక్కు చాలలేదు. మెడ వెనుక అడ్డముగా మడతపడినచో భుజపువాలు హెచ్చుగా కోయబడినది. చాలమందికి ఒక భుజము రెండవదానికంటె పల్లముగా నుండును. ఆ ప్రక్క భుజపుకుట్టును పావు అంగుళము లోనికి పట్టినంతనే రవికె సమముగా నిలుచును. ఆ మాట పైకి చెప్పకుండ సవరించుట దర్జీ దాక్షిణ్యము.

నేటి రవికెలలో వెనుకమెడను మిక్కిలి లోతుగాను, వెడల్పుగాను కోయించుకొనుట హెచ్చినది. మెడ రెండుదిక్కుల విప్పారినకొలది భుజపుపట్టీ నిలుచు ఆధారము తగ్గి, జారుట తప్పదు. వీపు మీదుగా దోరీ కట్టుట దానికే. అది అలంకారముగా కనబడినను భారము మోయుచున్నది. మెడను లోతు చేసినచో వెడల్పు తగ్గించుట, వెడల్పు చేసినచో లోతు తగ్గించుట సూత్రము.

పెండ్లిరవికెలకు మగ్గపుపని చేయించుట ఇప్పుడు తెలుగునాట విస్తారముగా వ్యాపించినది. ఇందులో క్రమము తారుమారగును: గుడ్డమీద వెనుకభాగము, చేతులు, మెడ గీసి, కత్తిరింపకయే చట్రమున బిగించి, ఆరీ సూదితో పూసలు, జరీ కుట్టి, అది ముగిసిన పిదప కత్తిరింతురు. మెడలోతు, చేతిపొడవు ముందే స్థిరపడిపోవును. తరువాత సవరణకు చోటుండదు. అందుచే తెలిసినవారు ముందుగా సాదాగుడ్డతో ఒక రవికె కుట్టి, తొడిగించి, దాని కొలతలనే మగ్గమునకు పంపుదురు. కుట్టుగీతమీద పూస పడకుండ చూచుకొనవలెను; పడినచో మిషనుసూది దానికి తగిలి విరుగును.

ముగింపుపనులు

మెడయంచును, చేతులయంచును చేతికుట్టుతో హెమ్మింగు చేయుట నేటికిని ఉత్తమము. సూది ఒక్క పోగును మాత్రమే పట్టి సాగినచో బయటికి చుక్కయు కనబడదు. ముందు పట్టీకి అయిదారు హుక్కులు పెట్టి, ఎదుటిపట్టీకి దారముతో కాజాలు అల్లుదురు. హుక్కుల నడిమి దూరము సమముగా నుండవలెనను నియమమున్నను, ఛాతీ బిగువు హెచ్చుగా నుండుచోట ఒక హుక్కు తప్పక నిలువవలెను. లేనిచో పట్టీ అక్కడ నోరు తెరచును. ప్రతి కుట్టును వేసినవెంటనే ఇస్త్రీపెట్టెతో అణచుట పట్టణపు పెద్దదర్జీల యలవాటు. ఇంటిదగ్గర కుట్టువారు తొందరలో మానుదురు గాని, ఆ అణచుటవలన వచ్చు నునుపు చివరి ఇస్త్రీవలన రాదు.

ప్రక్కకుట్టులకు లోపల ఒకటి ఒకటిన్నర అంగుళము గుడ్డ వదలి, పక్కపక్కన రెండు మూడు వరుసలు కుట్టుట మన దర్జీలలో చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. అన్నిటికంటె లోపలివరుస నేటి మేనికి. దానికి పావు అంగుళము ఎడముగా నున్న వరుస రేపటికి. వృద్ధదర్జీ యొద్ద పెండ్లిరవికె తీసికొనవచ్చిన పిల్లకు ఆయన రవికెను తిరగవేసి ఆ వరుసలు చూపి, "ఇది విప్పుకుంటే ఒక పురుడు పోసుకున్నాక కూడా తొడుక్కోవచ్చు తల్లీ" అని చెప్పి, కాగితములో చుట్టి, మిగిలిన గుడ్డపేలికలను కూడ దానిలోనే పెట్టి యిచ్చెను.